మెట్టు లేని నిచ్చెన

కప్పు పిడి ఎటు తిప్పి పెట్టాలన్నది ఆ ఇంట్లో మొగుడికీ పెళ్ళానికీ తప్ప మూడో మనిషికి తెలియదు. పిడి కుడివైపుకి ఉంటే నాణెం మామూలుది. ఎడమవైపుకి ఉంటే అందులో ఏదో ఉంది. ఇరవై రెండేళ్ళుగా ఇదే వరస. నాణెం చూపించడానికి తెచ్చి ఎదుట కూర్చున్నవాళ్ళు టీ ఊదుకుంటూ ఉంటే ఆయన భూతద్దం అటూ ఇటూ ఆడించి, "ఊఁ... దీన్ని రెండు రోజులు నా దగ్గర ఉంచండి" అనేవాడు. "ఎంత కన్నండీ మీది!" అని వాళ్ళు నోరు తెరిచేవారు. ఆ కన్నేమో ఖాళీ పళ్ళెం పట్టుకుని తలుపు పక్కన నిలబడి ఉండేది.

విక్టోరియా రాణి బొమ్మ ఉన్న వెండి నాణేలంటే ఆయనకు ప్రాణం. అప్పట్లో అచ్చు మీద అక్షరాలను ఒక్కొక్కటిగా చేత్తో కొట్టేవారట. పనివాడి చెయ్యి ఒక్కసారి తప్పితే ఆ అచ్చులోంచి వచ్చిన నాణేలన్నీ ఆ తప్పును మొహాన వేసుకుని పుడతాయి. ఆ తప్పులు పట్టుకోవడంలో ఆయన్ని మించినవాడు లేడని నాణేల సంఘం వాళ్ళ నమ్మకం. ఆవిడ కాపురానికి వచ్చిన కొత్తలో, నాణేలను కాగితపు కవర్లలో వేసే పని అప్పగించాడు. "అంచు పట్టుకునే తియ్యి. తోమావంటే చంపేస్తాను" అన్నాడు. గిన్నెలు తోమడానికే పుట్టిన చేతులకు తోమొద్దన్న వస్తువు అదొక్కటే దొరికింది. ఆవిడకు ఇంగ్లీషు రాదు. అందుకని అక్షరాలకు తనే పేర్లు పెట్టుకుంది. గరాటు, కర్ర, విరిగిన గాజు, సుత్తి, నిండు గాజు, కాలు చాపినమ్మ, మళ్ళీ కర్ర, చివర నిచ్చెన. అదీ రాణీగారి పేరు. చదువుకున్నవాళ్ళు పేరు చదివేసి ముందుకు వెళ్ళిపోతారు. చదవలేని మనిషి ఒక్కో అక్షరం గుమ్మం దగ్గరా ఆగి పలకరిస్తుంది.

అలా పలకరిస్తూనే ఒకనాడు, వచ్చినవాళ్ళ ముందే నోరు జారింది. "ఏవండీ, ఈ నిచ్చెనకి మెట్టు లేదు." ఆయన పగలబడి నవ్వాడు. "మా ఆవిడకి ఏ బీ సీ డీలు రావు కానీ మెట్లు లెక్కపెడుతోంది!" అత్తగారు లోపలినుంచి అందుకుంది. "దానికి రాణీగారితో ఏం పనిరా? పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి, వాటిని చూడమను." వచ్చినవాళ్ళూ నవ్వారు. వాళ్ళు వెళ్ళాక ఆయన భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు. చివరి అక్షరానికి అడ్డగీత లేదు. పనివాడు గరాటునే తలకిందులుగా కొట్టి నిచ్చెన అనిపించాడు. మర్నాడు కూర తరుగుతున్న ఆవిడ దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి, "నలుగురిలో మాట్లాడకు. కప్పు పెట్టేటప్పుడు పిడి ఎడమకి తిప్పు, చాలు" అన్నాడు. మొగుడు తన మాటకు విలువిచ్చాడని ఆ పిచ్చిది ఆ రోజంతా కూనిరాగాలు తీసింది.

ఆ కూనిరాగం ఎన్నాళ్ళు! చెల్లెలి ఇంటికి వెళ్ళి నాలుగు రోజులు ఉండొస్తానంటే, "సంఘంవాళ్ళు వస్తే టీ ఎవరిస్తారు?" అనేవాడు. జ్వరంతో పడుకున్నా టీ ఇచ్చి పడుకోవాలి. టీ అంటే టీ కాదని ఆవిడకు తెలుసు. తెలిసినా చెప్పుకునే చోటేది? "పళ్ళెం మోసేదానికి పెత్తనమా" అని అత్తగారు బతికినన్నాళ్ళూ దెప్పింది. అత్తగారు పోయాక కూడా, ఆ మాట గోడకు తగిలించిన పటంలా ఇంట్లోనే ఉండిపోయింది.

నాణేల మీది తప్పుల గురించి ఆయన రాసిన పుస్తకం అచ్చుకు వెళ్ళే ముందు, సంఘం తరఫున డ్రాయింగు టీచరమ్మ వచ్చింది. అందులోని నూట ఏడు రకాల తప్పులకు బొమ్మలు గీసింది ఈ టీచరమ్మే. మొదటి బొమ్మ మెట్టు లేని నిచ్చెన. ముందుమాట చేతికి అందగానే టీచరమ్మ ముచ్చటపడి పైకి చదివింది.

"చూశారా అమ్మా, మిమ్మల్ని కూడా తలుచుకున్నారు! 'వేళకు టీ అందించి నా ఏకాగ్రత చెడకుండా కాపాడిన నా శ్రీమతికి...' ఎంత అదృష్టమండీ, మా ఆయన నన్ను కరెంటు బిల్లు వస్తేనే తలుచుకుంటాడు!"

ఆవిడ నవ్వింది. నవ్వడం అలవాటైన మొహం కదా, అదే నవ్వింది. లోపల మాత్రం తను పట్టిన నూట ఏడు అక్షరాలూ ఒక్కసారి లేచి నిలబడ్డాయి.

"ఇదొక్కటి చూసి చెప్పండి సార్. విశేషం ఉంటే నూట ఎనిమిదోది చేద్దాం" అని టీచరమ్మ బల్ల మీద ఒక నాణెం పెట్టింది. ఆయన భూతద్దం తీశాడు, ఊదాడు, తుడిచాడు, వంగాడు. చివరికి, "ఏమోయ్, ఇంకో కప్పు టీ" అన్నాడు.

ఆవిడ టీ తెచ్చింది. ఎప్పటిలాగే బల్లకు అవతలినుంచి, తలకిందులుగానే చూసింది. కాలు చాపినమ్మ కాలి వెనక సన్నటి వంపు. పనివాడు ముందు రెండు బొజ్జల అక్షరం కొట్టి, తప్పు తెలుసుకుని, దాని మీదే ఈవిడను కొట్టాడు. పైనుంచి ఎంత గట్టిగా కొట్టినా కిందావిడ బొజ్జ పోలేదు. వెండిలో అలాగే ఉంది, నూరేళ్ళు దాటినా.

పళ్ళెం బల్ల మీద పెట్టింది. టీచరమ్మ పక్కనున్న కుర్చీ జరుపుకుని తనూ కూర్చుంది. ఆ కుర్చీలో ఆవిడ ఇంతవరకూ దుమ్ము దులిపిందే కానీ కూర్చోలేదు.

"ఏముంది సార్ ఇందులో?" టీచరమ్మ అడిగింది.

ఆయన కప్పుకేసి చూశాడు. పిడి కుడికీ లేదు, ఎడమకీ లేదు. ఆవిడ వేళ్ళ మధ్య ఉంది. ఆవిడ టీ తాగుతోంది.