కాయిల్ రెండో సగం

నా తమ్ముడు శామ్ పోయిన నలభై రోజులకు రాజంపేట నుంచి శాంతయ్య వచ్చాడు. శామ్‌కూ అతనికీ హామ్ రేడియోలో, ఇంట్లోంచే వైర్‌లెస్‌లో మాట్లాడుకుంటూ, స్నేహం. సిగ్నల్ బలం పెంచడానికి శామ్ సొంతంగా కట్టుకున్న వాల్వుల ఆంప్లిఫయర్ ఆత్మకూరులో వాళ్ళ ముందుగదిలోనే ఉంది. దాని మూత తీసి, కరెంటు ఉండగానే సరిచేయబోయి చనిపోయాడు. తొందరపాటు అన్నారు అందరూ. నేనూ కాదనలేదు.

"తొందర కాక ఏంది బావా? పొగలు కక్కే సంగటి కూడా ఊదుకోకుండా మింగే మనిషి," అంది శామ్ భార్య రెజీనా. "ఆ డబ్బాను పాతసామాన్లాయనకు ఇచ్చేయండి."

"ఒక్కసారి చూస్తానుండమ్మా," అన్నాడు శాంతయ్య. ఆమె లోపలికి వెళ్ళింది.

ఆ పెట్టె జబ్బు నాకు తెలుసు. వాల్వు నుంచి బయటికి పోవలసిన శక్తిలో కొంత వెనక్కి కారి, పెట్టె తనంతట తానే ఊళపెట్టేది. కారినంత శక్తిని చిన్న కండెన్సరు ద్వారా ఎదురు పంపితే రెండూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. దాన్నే న్యూట్రలైజ్ చేయడం అంటారు.

శాంతయ్య హైవోల్టేజి తీగ ఊడదీశాడు. వాల్వుల్లో ఫిలమెంట్లు మాత్రం వెలిగించి, కొద్దిగా సిగ్నల్ ఇచ్చి, వెదురుపుల్లతో కండెన్సరు తిప్పాడు.

"మీటరు ముల్లు ఒకచోట పడిపోవాల. పెంచేకొద్దీ పైకే పోతాండాదే!" టార్చి వేసి చూశాడు. "ఈ కాయిల్ చుట్టింది శామేనా?"

"నేను."

"సగం ఇట్ల, సగం అట్ల చుట్టినావు గదా సారూ! ఎదురు రావాల్సింది తోడొస్తాండాది. ఏడాది తిప్పినా కుదరదు."

ఆ రోజు మొదటి సగం చుట్టాక పదో తరగతి పేపర్లు దిద్దడానికి కూర్చున్నాను. మిగతాది మర్నాడు, ముందు ఎటు తిప్పానో చూసుకోకుండా చుట్టి ఇచ్చాను. సైన్సు చెప్పే అన్న చుట్టినదాన్ని శామ్ అనుమానించలేదు. మూడు వారాలు కండెన్సరునే తిప్పాడు. చివరికి హైవోల్టేజి ఉంచి తిప్పాడు.

"ఆమెకు చెప్పబాకు," అన్నాడు శాంతయ్య మెల్లగా. "పోయినోడు రాడు."

రెజీనా వచ్చి, ఏం తేలిందని అడిగింది.

"కాయిల్ నేను తప్పుగా చుట్టాను. కండెన్సరు ఎలా తిప్పినా కుదిరేది కాదు. వాడు మూడు వారాలు ఓపిక పట్టాడు."

ఆమె గోడకు ఆనుకుని కూర్చుంది.

"నీ నాయన తొందరపడి పోయినాడని పాప తనూజకు చెప్పింది నేను," అంది. "ఇస్కూలు నుంచి నాలుగింటికి వస్తాది. ఇది మాత్రం నువ్వే చెప్పు బావా."

శాంతయ్య మూడు గంటల బస్సుకు వెళ్ళిపోయాడు. నేను అక్కడే కూర్చున్నాను.