చార్టులో అట్టడుగు గీత

ఎల్బీనగర్ చౌరస్తాకు దగ్గర్లో ఒక రక్తపరీక్షల సంస్థ ఉంది. దిల్‌సుఖ్‌నగర్ నుంచి అబ్దుల్లాపూర్‌మెట్ దాకా పద్దెనిమిది చోట్ల దానికి సెంటర్లున్నాయి. ప్రతి సోమవారం పొద్దున పదింటికల్లా ఆ సెంటర్లన్నిటి వివరాలూ కంప్యూటర్‌లో చార్టుగా తయారుచేసి మీటింగ్ హాల్లో తెర మీద పెట్టడం ప్రసన్నలక్ష్మి ఉద్యోగం.

ప్రసన్న పోచంపల్లి మగ్గాల ఇంటి పిల్ల. పెళ్ళయ్యాక దిల్‌సుఖ్‌నగర్‌లో నాలుగు నెలలు శిక్షణ తీసుకుని ఆ సాఫ్ట్‌వేర్ నేర్చుకుంది. ఒక్క మీట నొక్కితే చాలు, చార్టులోని గీతలన్నీ మనం అడిగిన వరుసలో సర్దుకుంటాయి. సంస్థకు కావలసింది మాత్రం ఎప్పుడూ ఒకటే వరుస. ఎక్కువ పరీక్షలు చేసిన సెంటరు పైన, తక్కువ చేసింది కింద. రెండేళ్ళుగా దిల్‌సుఖ్‌నగర్ మొదటి గీత. బడంగ్‌పేట్ అవతలి శాంతివనం కాలనీ అట్టడుగు గీత. ఆ చివరి గీతను మీటింగులో ఎవరూ పట్టించుకునేవారు కాదు. తన ఇల్లు ఆ కాలనీలోనే ఉన్నా ప్రసన్న కూడా పట్టించుకునేది కాదు.

వానలు మొదలైన వారం అది. ఆ సోమవారం దారిలో ట్రాఫిక్ వల్ల ఆలస్యంగా వచ్చి, హడావుడిలో ఒక గడికి బదులు ఇంకో గడి మీద నొక్కింది. పరీక్షల సంఖ్యను బట్టి సర్దుకోవలసిన చార్టు, నూటికి ఎందరికి కామెర్లు తేలాయన్నదాన్ని బట్టి సర్దుకుంది. అట్టడుగున ఉండే శాంతివనం అన్నిటికన్నా పైకి వచ్చి కూర్చుంది.

తప్పు నొక్కానని సరిచేయబోయి ఆగింది. ఈ నెలలో దిల్‌సుఖ్‌నగర్‌లో తొమ్మిది వందల మందికి పరీక్ష చేస్తే కామెర్లు ముప్పై మందికి. శాంతివనంలో పరీక్ష చేయించుకున్నదే ఇరవై ఆరుగురు. వారిలో పదకొండు మందికి కామెర్లు. కిందటి నెల చూసింది, ముగ్గురు. అంతకు ముందు ఒక్కరు కూడా లేరు.

కాలనీలో అందరూ తాగేది సంఘం వాళ్ళ బోరు నీళ్ళే. ఇంట్లో ఆడబిడ్డ జ్యోతిక ఉంది, ఏడో నెల గర్భిణి. నీళ్ళ వల్ల వచ్చే కామెర్లు గర్భిణులకు ప్రాణాంతకం కావచ్చని ఆ ఆఫీసు గోడకున్న బోర్డు మీదే రాసి ఉంది.

వెంటనే అత్తగారికి ఫోన్ చేసింది. "అత్తమ్మా, జ్యోతిక ఎట్లున్నది?"

"పొద్దుగాల్నుంచి ఒళ్ళు వెచ్చగున్నది, రెండుసార్లు కక్కింది. కడుపుతోటి ఉన్న పిల్లకు గివన్ని మామూలేనాయె," అంది మల్లమ్మ.

"బోరు నీళ్ళు తాగకుండ్రి. కాగబెట్టి తాగుండ్రి. ఎందుకని అడగకు, నేనొచ్చి చెప్త."

ఫోన్ పెట్టేసి మేనేజర్ పట్టాభిగారిని పిలుచుకొచ్చి చార్టు చూపించింది. ఆయన కోస్తా నుంచి వచ్చి పాతికేళ్ళుగా ఇక్కడే స్థిరపడ్డ మనిషి, చెడ్డవాడు కాదు. ఒక నిమిషం తేరిపార చూశాడు.

"ఇరవై ఆరుగురిని పట్టుకుని శాతాలేంటమ్మా? జబ్బు చేసినవాళ్ళే కదా పరీక్షకొచ్చేది!" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "పేషెంట్ల లెక్కలు మనమే బయటపెట్టామంటే రేపు ఏ డాక్టరూ మనకు శాంపిల్ పంపడు. ఓనరుగారు నన్నూ ఉంచరు, నిన్నూ ఉంచరు. ఎప్పటి వరుసలోనే పెట్టెయ్యి."

ప్రసన్న కంప్యూటర్ ముందు కూర్చుంది. మీట నొక్కింది. శాంతివనం మళ్ళీ అట్టడుగుకు పోయింది. పది గంటలకు మీటింగ్ ఎప్పటిలాగే జరిగింది.

సాయంత్రం ఆమె, బట్టల దుకాణంలో పనిచేసే భర్త నరేష్‌కుమార్ కలిసి రెండు వాటర్ క్యాన్లు ఇంటికి తెచ్చుకున్నారు. వాకిట్లో బిందెల నీళ్ళు పారబోస్తుంటే పక్కింటి అండాలమ్మ చూసింది. ఒంటరి మనిషి, చీరలకు పీకోఫాల్ కుట్టి బతుకుతుంది. ప్రసన్నను కన్నబిడ్డలాగే చూస్తుంది.

"ఏంది బిడ్డా, సక్కటి నీళ్ళు గట్ల పారబోస్తున్నవ్?"

ప్రసన్న బిందె కింద పెట్టింది. చెబితే మాట కాలనీ అంతా పాకుతుంది. రేపటికి ఆఫీసులో తెలుస్తుంది. ఉద్యోగం పోతుంది.

"బిందెలు కడుగుతున్న పెద్దమ్మా," అంది తల ఎత్తకుండా.

మర్నాడు పొద్దునకూ జ్యోతికకు జ్వరం తగ్గలేదు. ఆటోలో పెద్ద దవాఖానకు తీసుకుపోయారు. రక్తం తీసుకుని, రిపోర్టుకు మూడు గంటలు పడుతుందన్నారు. బల్ల మీద జ్యోతిక వదిన చేయి వదలకుండా కూర్చుంది. "వదినా, నా బిడ్డకేం కాదు కదా?" అని అడిగిన ప్రతిసారీ ప్రసన్నకు ఆ పైకెగసిన గీత కళ్ళ ముందు కదిలింది.

ఎదుటి బల్ల మీద ఒకాయన గోడకు ఒరిగి ఉన్నాడు. కళ్ళు పసుపు పూసినట్టున్నాయి. శాంతివనంలోనే వెనక గల్లీలో ఉండే ఆటో డ్రైవర్ లింగస్వామి.

"నీకు గూడ పాణం బాగలేదా అన్నా?" అని నరేష్ పలకరించాడు.

"కామెర్లన్నరు. బయట ఏదో తిన్నట్టున్న. నా ఖర్మ, ఇంకెవలకు గాలేదు," అన్నాడు లింగస్వామి నీరసంగా.

ఇంకెవరికీ కాలేదట! ప్రసన్నకు చార్టులోని అంకెలు గుర్తొచ్చాయి. పదకొండు ఇళ్ళలో పదకొండు మంది ఇలాగే, ఇది తమ ఒక్కరి ఖర్మ అనుకుంటూ పడుకుని ఉన్నారు. వాళ్ళందరినీ ఒక్కచోట మొదట చూసింది తానే. చూసి, మళ్ళీ అడుగుకు నెట్టేసింది.

ఆమె లేచింది. పేషెంట్లను చూస్తున్న డాక్టర్ మాలతి గదిలోకి వెళ్ళి, ఎవరి పేర్లూ చెప్పకుండా ఆ అంకెలు మాత్రం చెప్పింది. "ఈ మాట నేను చెప్పినట్టు తెలిస్తే నా నౌకరి పోతది మేడమ్. అయినా చెప్తున్న. అందరూ గా బోరు నీళ్ళే తాగుతరు."

డాక్టర్ ఆమెను కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది. వెంటనే ఫోన్ అందుకుంది. మధ్యాహ్నానికల్లా ఆరోగ్య సిబ్బంది కాలనీకి వచ్చారు. బోరు పక్కనే భూమిలో పాత మురుగు పైపు పగిలి ఉంది. బోరు మూసేశారు, ఇంటింటికీ ట్యాంకరు నీళ్ళు పంపారు. జ్యోతికది మామూలు జ్వరమేనని రిపోర్టు వచ్చింది. మల్లమ్మ దవాఖాన మెట్ల మీదే కూలబడి ఏడ్చింది.

ఆ అంకెలు ఎక్కణ్ణుంచి వెళ్ళాయో ఓనరుగారికి తెలిసిపోయింది, ఆ నెలాఖరుకు ప్రసన్న ఉద్యోగం పోయింది. పట్టాభిగారు ఆమె వస్తువులు తానే గేటు దాకా తెచ్చి ఇచ్చాడు. "నాకా ధైర్యం లేకపోయిందమ్మా," అని వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు.

మూడు వారాల తర్వాత అండాలమ్మ కళ్ళు పచ్చబడ్డాయి. ఈ రోగం నీళ్ళు తాగిన కొన్ని వారాలకు గాని బయటపడదని డాక్టర్ చెప్పింది. ముందు తాగిన నీళ్ళ వల్లనో, ప్రసన్న తల వంచుకుని అబద్ధమాడిన ఆ సాయంత్రం తాగిన నీళ్ళ వల్లనో ఎవరు చెప్పగలరు? ప్రసన్న రోజూ దవాఖానకు పోయి ఆమెకు గంజి తాగించింది. తొమ్మిదో రోజు అండాలమ్మ దిండుకు ఆనుకుని కూర్చోగలిగినప్పుడు, దాచుకున్నదంతా చెప్పేసింది.

"గా దినం నీళ్ళ సంగతి నాకు పొద్దుగాల్నే తెలుసు పెద్దమ్మా. నువ్వు అడిగినా చెప్పలే. నౌకరి పోతదని భయపడ్డ."

అండాలమ్మ కిటికీ వైపు తిరిగింది. ప్రసన్న లేచి పోదామనుకుంటుంటే ఆమె చెయ్యి పట్టుకుంది.

"నాకు అచ్చరం రాదు. గా బోరుల ఏమున్నదో నాకెట్ల తెలుస్తది? సదువుకున్నదానివి, నీకు ముందుగాల కనవడ్డది. కనవడ్డోళ్ళే నోరు మూసుకుంటే మా అసొంటోళ్ళం ఏమైపోవాలె?" అంది. కాసేపటికి ఆ గొంతు మెత్తబడింది. "భయమైతది బిడ్డా, ఎవలకు గాదు? భయపడుకుంటనే చెప్పాలె."