దసరా పోగు

“ఫ్రిజ్‌ల వెట్టింది గూడ పాడైతదా? గా చదువు నీ దవాఖాన్లనే వెట్టుకో” అంటూ అత్తమ్మ గంగమణి నల్ల కవరు తెచ్చి వంటగట్టు మీద వేసింది. రాయి పడ్డట్టు దబ్బుమని చప్పుడైంది. దసరాకు ఆరిళ్లవాళ్లం కలిసి కోయించిన యాటపోతు మాంసంలో మా పోగు, అంటే మా వాటా, అది. మూడు కిలోల పచ్చికూరలో వాడగా మిగిలింది కిలోన్నర ఉంటుంది.

పోగు ఇంటికి వచ్చిన రోజే ఒక్కో పూటకు సరిపడా చిన్న పొట్లాలు కట్టి పెడతానన్నాను. కావలసిన పొట్లాన్ని ముందురోజు ఫ్రిజ్ కింది అరలోకి దింపితే చల్లగానే కరుగుతుంది, తక్కినది గడ్డగానే ఉంటుంది. వినేదెవరు! నేను ఇంటిల్లిపాదికి వండి వార్చేసరికి మా ఆయన భాస్కర్ కవరుకు కవరే లోపలికి తోసేశాడు. అప్పటినుంచి రెండుసార్లు మొత్తం గట్టు మీద పెట్టి కరిగించారు, కావలసినంత తీసుకుని మిగిలింది మళ్లీ గడ్డకట్టించారు. నిన్న లైను పని అని పొద్దంతా కరెంటు లేదు. నేను డ్యూటీ నుంచి వచ్చి చూస్తే కూర మెత్తబడి, వాసన కొడుతూ ఎర్రనీళ్లలో ఉంది. పారేద్దామంటే, “పండుగ కూర పారేస్తవా? కండ్లు నెత్తికెక్కినయా?” అన్నాడు భాస్కర్. కరెంటు రాగానే అది మళ్లీ రాయైంది.

ఎడపల్లి దవాఖానలో టీకాల ఫ్రిజ్ నా బాధ్యత. రోజుకు రెండుసార్లు ఎన్ని డిగ్రీలుందో చూసి రాస్తాను. నేను పనికిరాదన్న సీసాను డాక్టరు కూడా ముట్టడు. ఇంటికొస్తే నా మాటకు ఉప్పుకల్లంత విలువ లేదు.

నిరుడు కోడికూర కూడా ఇంతే, పచ్చిది పొద్దంతా గట్టు మీద ఉంది. సాయంత్రం అత్తమ్మ వండింది. అందరికీ రెండురోజులు విరేచనాలు పట్టుకున్నాయి. నాకప్పుడు ఐదో నెల. జ్వరం తగ్గలేదు, తర్వాత నెత్తురు కనబడింది, బిడ్డ పోయింది. “దీని కడుపే నిలువది” అని అత్తమ్మ పరామర్శకు వచ్చిన ప్రతి ఆడమనిషికీ చెప్పింది. నేను నోరెత్తలేదు. ఎందుకెత్తలేదో తలచుకుంటే నా మీద నాకే అసహ్యం. ఇప్పుడు మళ్లీ మూడో నెల. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, భయం.

ఇవాళ మోర్తాడ్ నుంచి ఆడబిడ్డ నవత పిల్లలతో వచ్చింది. భాస్కర్ వంటింట్లోకి తొంగిచూసి, “జల్ది కానియ్యి, పిల్లలు ఆకలిగొన్నరు. మసాలా జర ఎక్కువెయ్యి, వాసన వోతది” అన్నాడు. అంటే ఆ వాసన ఆయనకూ తెలుసన్నమాట. తెలిసే సొంత మేనల్లుళ్లకు పెట్టమంటున్నాడు.

కవరు తీసుకుని పెరట్లోకి పోయాను. కుక్కలు లాగకుండా లోతుగా గుంత తవ్వి పూడ్చిపెట్టాను. సబ్బుతో గట్టు కడిగి, పప్పు పొయ్యి మీద పెట్టాను.

అందరూ కూర్చున్నాక భాస్కర్ గిన్నె మూత తీసి చూశాడు. “కూరేది?”

“బొంద వెట్టిన.”

అత్తమ్మ గుండెలు బాదుకుంది. “సూసినవా నవతా! కడుపు నిలుపుకోనిదానికి పండుగ కూర ఇలువ ఏమెరుక?”

భాస్కర్ అమ్మను ఆపుతాడేమోనని ఒక్క క్షణం ఎదురుచూశాను. ఆయన పళ్లెంలో అన్నం కలుపుకుంటున్నాడు.

“అత్తమ్మా, బిడ్డ వోయింది నా కడుపు మంచిగ లేక కాదు. గా కోడికూరతోటి. డాక్టరమ్మ మా ఇద్దరిని కూసోవెట్టి చెప్పింది. ఇంట్ల చెప్పొద్దని నీ కొడుకు నాతోటి ఒట్టు వెట్టిచ్చుకున్నడు. ఎందుకంటే కోడిని తెచ్చి గట్టు మీద వెట్టి మరిచింది ఆయననే. నువ్వు నన్ను ఊరందరి ముందర తిడుతుంటే పక్కనే నిలవడి విన్నడు. నాకిప్పుడు మూడో నెల. ఈ బిడ్డను మాత్రం మీ చేతుల వెట్టను.”