నిండుగా తిరిగొచ్చే సీసా

మా అమ్మాయి మంచినీళ్ల సీసా ఇవాళ కూడా నిండుగానే తిరిగొచ్చింది. సింకులో ఒంపుతుంటే నాకు ఒళ్లు మండిపోయింది. పిల్లకి మళ్లీ జ్వరం, ఒంటికి వెళ్తే మంటని ఏడుపు. డాక్టరమ్మ "పాప నీళ్లు తాగడం లేదు" అనగానే మా ఆయన నా వైపు తిరిగి, "తల్లివి, ఆ మాత్రం చూసుకోవద్దూ?" అన్నారు. తండ్రి కూడా పక్కనే ఉన్నాడన్న సంగతి ఆ గదిలో ఎవరికీ తట్టలేదు.

ఆ బడిని ఎంచింది ఆయనే. ఏటా ఇన్‌స్పెక్షన్‌లో మొదటి గ్రేడేనని గేటు మీద మనిషంత బోర్డు. "అన్నీ చూసి ఇచ్చిన గ్రేడు. వాళ్లకంటే నీకు ఎక్కువ తెలుసా? అనుమానం పెనుభూతం" అన్నారు. "వాడు ఏది చేసినా ఆలోచించే చేస్తాడమ్మా" అని అత్తయ్య వంత పాడారు.

కానీ పోయిన నెలలో ఒకే ఒక్క రోజు సీసా ఖాళీగా వచ్చింది. అదే నాకు గుచ్చుకుంటూ ఉంది. పిల్లని ఒళ్లో కూచోబెట్టుకుని అడిగాను.

"ఆ రోజు ఎవరో పెద్దవాళ్లు వచ్చారు కదమ్మా! బాత్‌రూములన్నీ తాళం తీశారు. సబ్బు కూడా పెట్టారు, భలే వాసన! వాళ్లు వెళ్లాక మళ్లీ తాళం వేసేశారు. పాడు చేస్తామంట. ఒక్కటే తీసి ఉంచుతారు, దానికి గడియ పడదు. అందుకే నేను నీళ్లు తాగను."

పైన పటారం, లోన లొటారం. నాకు ఏడుపొచ్చింది, ఆ వెనకే నవ్వూ వచ్చింది. ఈ ఇన్‌స్పెక్షన్ నాకు కొత్తేమీ కాదు. మా ఆడపడుచు వచ్చిన రోజు మా ఆయన కంచాలు తీస్తారు, టీ పెడతారు, "నువ్వు కూచోవోయ్, నేను చేస్తాగా" అంటారు. "ఎంత అదృష్టవంతురాలివి వదినా!" అని ఆవిడ గ్రేడు ఇచ్చేసి వెళ్తుంది. ఆవిడ వీధి మలుపు తిరగ్గానే ఆయన సోఫాలోకి, నేను సింకు దగ్గరికి. ఇన్నేళ్లూ ఆ గ్రేడే నిజమేమో, లోపం నాలోనే ఉందేమో అనుకుంటూ బతికాను. ఎంత పిచ్చిదాన్ని!

మర్నాడు ఆఫీసులో పర్మిషన్ అడిగి బడికి వెళ్లాను. పిల్లల బాత్‌రూము చూపించమన్నాను.

"పేరెంట్స్‌కి ఇటు ఉందండీ, శుభ్రంగా ఉంటుంది" అని నవ్వింది ప్రిన్సిపాల్.

"నాకు పిల్లలదే కావాలండీ."

ఆయా తాళంచెవి కోసం వెతుకుతూనే ఉంది. నేను టీసీ అడిగాను.

కొత్త బడి మా వీధి చివర. దాని గ్రేడు ఎవరూ చెప్పుకోరు. గోడలు పెచ్చులూడాయి. చెప్పాపెట్టకుండా ఒకసారి పొద్దున్నా, ఒకసారి మధ్యాహ్నం వెళ్లి చూశాను. తలుపులు తెరిచే ఉన్నాయి, గడియలు పడుతున్నాయి, నేల అప్పుడే కడిగినట్టు తడిగా ఉంది. అయినా పూర్తిగా నమ్మలేదు. పిల్లని చేర్పించిన రోజు, సాయంత్రం సీసా వచ్చేదాకా ఆఫీసులో నా మనసు మనసులో లేదు.

"నన్ను అడక్కుండా మార్చేస్తావా? ఆ బడికి గ్రేడెంత?" అన్నంలో చెయ్యి పెట్టి అరిచారు మా ఆయన.

సీసా మూత తీసి ఆయన ముందు బోర్లించాను. ఒక్క చుక్క రాలలేదు.

ఆయన తినడం ముగించి, కంచం అక్కడే వదిలేసి లేచారు.

"ఇవాళ మనింటికి ఎవరూ రావడం లేదు. అయినా సరే, కంచం తీయండి" అన్నాను.