కూరలో పడ్డ మొక్క

“కూర ఉప్పు కషాయంలా ఉంది” అన్నాడు మా ఆయన, ముద్ద నోట్లో ఉండగానే. మా ఇంట్లో కూర బాగుంటే ఎవరూ మాట్లాడరు, బాగోకపోతే నా వైపు చూస్తారు. ఆ శనివారం వంట చేసింది మా అత్తయ్య. అయినా చూపు నా మీదికే వచ్చింది, అలవాటైన దారి కదా.

“నేను వేసింది రోజూ వేసేంతే. ఆకు మహిమేమో” అంది అత్తయ్య. “ఫ్రిజ్‌లో తడిగుడ్డలో చుట్టి ఉంటే, వడిలిపోతుందని లేత ఆకులు గిల్లి ఆకుకూరలో కలిపేశాను.”

కలిపిన ముద్ద నా చేతిలోనే ఉండిపోయింది. ఆ తడిగుడ్డ నాది. అందులో ఉన్నది ఆకుకూర కాదు.

నేను పనిచేసేది మొక్కల్ని ఆరబెట్టి, అట్టలకు కుట్టి, పేరు రాసి భద్రపరిచే చోట. మా ఆయన దాన్ని ఎండుటాకుల ఆఫీసంటాడు, నలుగురిలో అయితే ఇంకాస్త గట్టిగా. పెళ్ళికి ముందు నేనే బయట తిరిగి మొక్కల్ని వెతికేదాన్ని. మోకాళ్ళ మీద కూర్చుని, భూతద్దం కంటికి ఆనించి, ఒక్క పువ్వు దగ్గర పూటంతా గడిపేదాన్ని. పిల్ల పుట్టాక, “ఎండల్లో మీకెందుకమ్మా, హాయిగా నీడపట్టున కూర్చోండి” అన్నాడు మా పెద్దసారు. ఇంట్లోనూ అదే మాట, ఇంకో గొంతుతో. అందరూ కట్టకట్టుకుని నా మంచి కోరేసరికి కాదనడానికి నోరు రాలేదు. అప్పట్నుంచి ఇంకొకళ్ళు చూసొచ్చిన మొక్కలకు నేను పేర్లు రాస్తున్నాను. ఎండిన పువ్వును తడిపి రేకులు విప్పదీస్తూ, ఇది గాలికి ఎలా ఊగి ఉంటుందా అనుకుంటాను. మళ్ళీ ఆ నేల మీద మోకాళ్ళు ఆనించాలని ఎంత కోరికో ఎవరికీ చెప్పలేదు. నవ్వుతారని కాదు, మోకాళ్ళ నొప్పులనుకుని తైలం తెచ్చిస్తారని.

ముందురోజు ఆడపడుచు ఇంటినుంచి వస్తుంటే దారిలో కారు టైరు పంక్చరైంది. రోడ్డు పక్కనంతా చౌడు నేల. ఉప్పు పొక్కి తెల్లబడిన మట్టి, దాని మీద ఎండిన గడ్డి. ఆయన టైరు మారుస్తుంటే నేను ఆ గడ్డిలోకి నడిచాను. అక్కడ కనిపించింది ఆ మొక్క, నేలను కరుచుకుని, బూడిద పూసినట్టున్న చిన్న చిన్న ఆకులతో. ఆకు కొస కొరికితే ఉప్పగా తగిలింది. ఉప్పుమొక్కల్లో చాలా రకాలు, అన్నీ అక్కచెల్లెళ్ళలా ఉంటాయి. ఏది ఏదో తేల్చాలంటే ఆకు చాలదు. గింజను రెండు వైపులా మూసి ఉంచే చిన్న డొప్పల్ని చూడాలి, అంచుకు పళ్ళున్నాయా, వీపు మీద బొడిపెలున్నాయా అని. ఆ రెండూ ఉన్న రకం ఒకటి ఈ చుట్టుపక్కల ఎక్కడా ఇక లేదని రాసేశారు. ఇది అదేనేమోనని వంగి గింజ కోసం వెతికాను. సంచిలోంచి భూతద్దం తీశానో లేదో, హారన్ మోగింది.

“ఏం గడ్డి పీకుతున్నావక్కడ? పిల్లకి ఆకలేస్తోంది, రా” అని కేకేశాడు. రెండు కొమ్మలు తుంచుకుని పరుగెత్తాను. కారెక్కి చూస్తే పిల్ల నిద్రపోతోంది.

సోమవారం ఆఫీసులో తీరిగ్గా చూద్దామని దాచుకున్న ఆ కొమ్మలే ఇప్పుడు కంచాల్లో ఉన్నాయి. లేచి వెళ్ళి వంటింట్లో చెత్తబుట్ట బోర్లించాను. ఉల్లిపొట్టు మధ్య కాడలు దొరికాయి. ముదిరిందని అత్తయ్య వదిలేసిన భాగం, గింజలన్నీ దానికే ఉన్నాయి. కిటికీ వెలుగులో భూతద్దం పెట్టాను. అంచున పళ్ళు, వీపున బొడిపెలు. అదే. లేదన్నది ఉంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఎంగిలి చెయ్యి కావడంతో తుడుచుకోలేకపోయాను.

నలిగిన కాడలు చూపిస్తే ఎవరూ నమ్మరు. మొక్క ఎక్కడ, ఎంత మేర, దేని పక్కన పెరుగుతోందో చూడాలి. గింజ ముదిరిపోయింది, ఒక్క వాన పడితే రాలిపోతుంది. సోమవారం చెబితే పెద్దసారు ఇంకెవరినో పంపిస్తాడు. వాళ్ళు చూసొస్తారు, నేను అట్టకు కుడతాను.

“నిన్న టైరు మార్చిన చోటికి రేపు నేను వెళ్తాను. ఈ మొక్క అక్కడిదే” అన్నాను.

“రేపు మా ఆఫీసువాళ్ళు భోజనానికొస్తున్నారు, మర్చిపోయావా?” అన్నాడు మా ఆయన. “అయినా తినేశాంగా ఆ గడ్డిని, ఇంకెందుకు? ఎవరిచేతైనా ఫొటో తీయించుకో.”

అత్తయ్య గిన్నెలో మిగిలిన కూర వైపు చూస్తూ కూర్చుంది. “గిల్లేటప్పుడే అనుమానమొచ్చింది, ఎప్పుడూ తెచ్చే ఆకులా లేదే అని” అంది మెల్లగా. “నిన్ను అడగాలనిపించలేదమ్మా. ఈ ఇంట్లో నీదంటూ ఒకటి ఉంటుందని తోచలేదు. నాకెప్పుడూ లేదుగా.”

వానొచ్చేలా ఉంది అన్నంత మామూలుగా అంది ఆ మాట. నాకు కోపం వచ్చింది, ఆవిడ మీద కాదు. మా ఇద్దరి మంచీ కోరినవాళ్ళందరి మీదా.

మర్నాడు పొద్దున్నే సంచిలో నీళ్ళసీసా, పాత పేపర్లు, భూతద్దం సర్దుకున్నాను. పొయ్యి వెలిగించలేదు. అత్తయ్యా వంటింట్లో లేదు, ముందుగదిలో కుర్చీ కిటికీ వైపు తిప్పుకుని కూర్చుంది. చెప్పులు వేసుకుంటుంటే భయమో సంతోషమో తెలియలేదు, రెండూ అనుకుంటాను.

మా ఆయన గుమ్మం దాకా వచ్చాడు. “సరే, ఎప్పటికొస్తావో అదైనా చెప్పు. వాళ్ళకేం చెప్పమంటావు?”

“చూడటం అయ్యాక వస్తాను” అన్నాను.