‘ఆయనవి’ అని రాసిన పెట్టె

నేను ఒక సబ్బుల అట్టపెట్టెను. సబ్బులు ఎప్పుడో అమ్ముడుపోయాయి, వాసన మాత్రం నన్ను వదల్లేదు. పుట్టుక గొప్పదేం కాదు. పాత పేపర్లు, చిరిగిన నోటుపుస్తకాలు, పనైపోయిన పెళ్లి శుభలేఖలు కలిపి నానబెట్టి గుజ్జు చేస్తే అందులోంచి వచ్చినదాన్ని. ఆ శుభలేఖల మీది పేర్లు నా ఒంట్లో ఎక్కడున్నాయో నాకే తెలియదు.

మండపేటలో గవర్రాజు కిరాణా కొట్టు వెనక మడతపడి ఉండగా సత్యవేణి వచ్చింది. జాకెట్లు కుట్టే మనిషి, నలభై దాటాయి. మొగుడు ఓ చేతిసంచితో వెళ్లిపోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు ఇల్లు మారుతోంది.

“పెట్టెలు పది కావాలండి,” అంది.

“పదే!” గవర్రాజు నవ్వాడు. “ఉన్నది నువ్వొక్కదానివి. గిన్నెలకి రెండు, గుడ్డలకి రెండు. మిషనెలాగూ పెట్టెలో పట్టదు. మిగతావి నెత్తిన పెట్టుకుంటావా ఏంటమ్మా?”

“పదియ్యండి. టేపు రెండు చుట్టలు, పురికొస ఓ ఉండ కూడా.”

గవర్రాజు సామానుకి లెక్క కట్టాడు పాపం. ఆమె సంసారానికి కడుతోంది. ఒంటి ఆడమనిషికి ఇల్లు ఇవ్వం అని అప్పటికే ఇద్దరు మొహం మీద చెప్పారు. మూడో ఇంటి భద్రమ్మగారు కూడా “సంసారులకే ఇస్తానమ్మాయ్” అనేసరికి, “మావారు మస్కట్‌లో ఉంటారండి, వచ్చేస్తున్నారు” అనేసింది. ఇదీ పోతే మిషను వేసుకుని కూర్చోడానికి చోటు లేదు.

ఆమె సామాను నాలుగు పెట్టెల్లోనే సర్దుకుపోయింది. మిగిలిన మమ్మల్ని ముందు పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. ఒక మగవాడి సామానుకి ఎన్ని పెట్టెలు పడతాయో ఆమెకి అంచనా అందలేదు. చొక్కాలు, చెప్పులు, గడ్డం గీసుకునే సరంజామా... అక్కడితో లెక్కపెడుతున్న వేలు ఆగిపోయింది. ఆఖరికి అన్నింట్లోనూ పేపరు ఉండలు, గుడ్డపీలికలు కుక్కి, నా మీద జాకెట్లకి గీతలు గీసే సుద్దతో ‘ఆయనవి’ అని రాసింది. గిన్నెల పెట్టెకి ఒక్క వరస టేపు వేసిన మనిషి నాకు మూడు వరసలు వేసింది. మనుషులు విలువైనదాన్నే గట్టిగా మూస్తారని అప్పటిదాకా అనుకునేదాన్ని.

ట్రక్కు ఆటో భద్రమ్మగారి ఇంటి ముందు ఆగింది. ఆవిడ అరుగు మీద చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, దిగే ప్రతి పెట్టెనీ కళ్లతోనే తూస్తోంది. ఆటోవాడు నన్నేదో పెద్ద బరువనుకుని నడుం వంచి ఒక్క ఊపున ఎత్తాడు. నేను గాల్లోకి లేచాను, వాడు వెనక్కి తూలాడు.

“ఇదేంటమ్మా! మీ ఆయన గుడ్డలు కట్టుకోడా?”

భద్రమ్మగారు చేట పక్కన పెట్టి వచ్చింది. నా అడుగున రెండు చేతులూ వేసి ఎత్తి చూసింది. ఆ చేతులకి నా గుట్టంతా తెలిసిపోయింది. టేపు చూసింది, సుద్దరాత చూసింది.

“బరువు లేదంట, సన్నాసి!” అని ఆటోవాడి మీద పడింది. “అడుగున చెయ్యెట్టి పట్టుకోరా, జారిపోద్ది.”

వాడు బిత్తరపోయి నన్ను సన్నికల్లు మోసినట్టు మోసుకెళ్లాడు. గుమ్మం దాటుతుంటే వెనక ఆవిడ గొంతు తగ్గించి అనడం వినబడింది.

“అడుగున రెండిటుకలు పడెయ్యాలే పిల్లా. ఆమాత్రం తెలీదా?”

అప్పట్నించీ అటక మీదే ఉన్నాను. నా తోటి పెట్టెల్ని పాత పేపర్లవాడు పట్టుకుపోయాడు. భద్రమ్మగారు మళ్లీ ఆ ఊసెత్తలేదు. వీధిలో ఎవరైనా అడిగితే “మస్కట్‌లో ఉంటాడు” అని ఆవిడే చెబుతుంది.

ఇల్లు దులిపినప్పుడల్లా సత్యవేణి నన్ను దించి, తుడిచి, ఊడిన టేపు అంటించి మళ్లీ పైకెక్కిస్తుంది. మొన్న మాత్రం కత్తెరతో టేపు కోసింది. ఇటుకలు పెడుతుందేమో అనుకున్నాను. మిగులు గుడ్డతో కుట్టిన మగవాడి చొక్కా ఒకటి తెచ్చింది. ఎవరి కొలతా తీసుకోకుండా ఊహకి కుట్టినట్టుంది. తన భుజాలకి ఆనించి చూసుకుని, మడత పెట్టి, నా లోపల సర్దింది. పైకెత్తుతూ, తూచినట్టుగా కాసేపు చేతుల్లో ఆపింది. తర్వాత అటక మీదకి తోసేసింది.

ఒక చొక్కాకి ఏం బరువుంటుంది? సబ్బు వాసన మాత్రం దానికీ పట్టింది.