ఇంటికొక్క చశ్మా

"నా చశ్మా ఎవరు ముట్టిన్రే?"

చాదర్లు, దుప్పట్లు మోసే తన టెంపో బయట ఆపి ఇంట్లోకి రాగానే మా ఆయన సిద్ధరాములు అడిగే మొదటి మాట ఇదే. నేనో మా అత్త రాజమ్మో గబుక్కున ముక్కు మీంచి తీసి, కొంగుతో తుడిచి అందిస్తాం. భవాని పేట్‌లోని మా ఇంట్లో కళ్ళద్దాలు ఒక్క జతే. పేపర్ చదవడానికి ఆయన కొనుక్కున్నవి. ఆయన లేనప్పుడు మేమిద్దరం వంతులేసుకుని వాడుకుంటాం.

నవ్వొచ్చే సంగతేమిటంటే, నేను పనిచేసేది కొంతం చౌక్‌లోని కళ్ళద్దాల దుకాణంలో. పొద్దంతా ఊళ్ళోవాళ్ళ ముక్కులకు ఫ్రేములు కుదురుస్తాను. నలభై దాటితే దగ్గరి చూపు తగ్గుతుందని వచ్చినవాళ్ళందరికీ నచ్చజెబుతాను. ఆ మాట ఇంట్లో చెబితే, "ఒకటున్నది గద, అందరికీ నడుస్తది. మీరేమన్న పేపర్ చదువుతరా?" అన్నాడాయన. ఆయన నవ్వితే నాకూ నవ్వొస్తుంది. నా రోగమే అది. దుకాణంలో అంత నోరున్నదాన్ని, ఇంట్లో నాకూ ఒక జత కావాలని ఏనాడూ అడగలేదు.

ఈమధ్య అత్త చుట్టిన బీడీలు కార్ఖానాలో వెనక్కి కొట్టేస్తున్నారు. ఇలాగే అయితే పని ఇచ్చే కార్డు తీసేస్తామన్నారట. ఆమె పేరు మీద ఉన్నది ఈ లోకంలో ఆ బీడీ కార్డు ఒక్కటే. "నువ్వు ఆకు వంకర కత్తిరిస్తున్నవ్, గందుకే" అని, రాత్రిళ్ళు ఆకు కత్తిరించిపెట్టే నామీద విరుచుకుపడింది. మాట పడ్డాను. తీరా పక్కన కూర్చుని చూస్తే, కొడుకు అద్దాలు పెట్టుకుని కూడా బీడీ కొన మూయకుండానే దారం కట్టేస్తోంది. ఆయన అద్దాల నంబరు ఆమె కళ్ళకు ఏ మూలకూ చాలదు.

వద్దంటున్నా అత్తను చెయ్యి పట్టుకుని దుకాణానికి తీసుకెళ్ళాను. మా సేఠ్ వాసుదేవ్ అక్షరాల అట్ట ముందు పెడితే అవతలికి నెట్టేసింది.

"అచ్చరాలు నాకెందుకు సేఠ్? ఇది కనవడాలె" అంటూ సంచిలోంచి ఆకు, తంబాకు, దారం తీసి ఒళ్ళో పెట్టుకుంది. సేఠ్ నవ్వుతూ ఒక్కో అద్దం మారుస్తుంటే ఆమె చుడుతూ పోయింది. ఒక అద్దం దగ్గర వేళ్ళు చకచకా కదిలాయి. కొన ముడుచుకుంది, దారం బిగిసింది. తలెత్తి నా గడ్డం పట్టుకుని దగ్గరికి లాక్కుంది.

"కండ్ల కింద గింత నలుపేందే బిడ్డా? నాకెందుకు చెప్పలే?"

పదిమంది గిరాకీల ముందు ఏడ్చేశాను.

ఆ సాయంత్రం ఆమె కొత్త అద్దాలతో బీడీలకు కూర్చుంది. నేను అలవాటుగా ఆయన అద్దాలు తగిలించుకుని బియ్యం చాట ముందేసుకున్నాను. ఆయన రానే వచ్చాడు, అడగనే అడిగాడు. నేను తీసేలోపే అత్త వాటిని లాగి కొడుకు చేతిలో పెట్టింది.

"ఇవి వానియి. నువ్వు నీయి తెచ్చుకో."

"అరే, ఒకటున్నది గదనే అమ్మా!" అన్నాడాయన.

"రేపు దుకాణంల మొదటి గిరాకీ నేనే" అన్నాను.

చాట ఆయన ఒళ్ళోకి జరిపాను.

"ఈ పూటకు బియ్యం మీరే ఏరుండ్రి. చశ్మా మీకున్నది గద."